పాప లెక్క నోటితో చెబుతుంది, పేజీ చదవలేదు: బడిని ఏమని అడగాలి?

ఒక జిల్లా కేంద్రం నుంచి ఒక తల్లి పొడవైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

వారికి ఇద్దరు పిల్లలు. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. అమ్మాయికి పదమూడేళ్లు. ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి, స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. భర్తకు కిరాణా దుకాణం ఉంది. సెలవు రోజుల్లో పాప కౌంటర్ దగ్గర కూర్చుంటే పది రకాల సరుకుల మొత్తం నోటితోనే చెప్పేస్తుంది. పాఠం ఒకసారి వింటే చాలావరకు గుర్తుంటుంది. పుస్తకం చేతికిచ్చి చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోతుంది. తెలుగులో ఒత్తులు వదిలేస్తుంది, గుణింతాలు మార్చేస్తుంది, ‘మ’ను ‘య’ అనీ ‘ప’ను ‘వ’ అనీ చదువుతుంది. ఇంగ్లిష్‌లో ఒకే పేజీలో ఒకే మాటను మూడు రకాలుగా రాస్తుంది. హిందీ గురించి అడగవద్దంటారు ఆ తల్లి. చిన్న తరగతుల్లో అన్న పైకి చదువుతుంటే విని కంఠతా పట్టి నెట్టుకొచ్చింది. ఆరో తరగతి నుంచి ఆ ఉపాయం చాలడం లేదు. తెలిసిన జవాబులు కూడా సగం రాసేసరికి పరీక్ష గంట కొట్టేస్తారు. తప్పు రాసిన మాటలను యాభై సార్లు రాసుకు రమ్మంటారు. డిక్టేషన్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి. లెక్కల మాస్టారు ఒక్కరే ‘అడిగితే చెబుతుందమ్మా, రాయడమే కష్టం’ అన్నారట.

మొన్న వేసవిలో హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్టు పరీక్షలు చేసి, తెలివితేటలకు ఏ లోటూ లేదని, చదవడానికి సంబంధించిన డిస్లెక్సియా, దానితో పాటు రాతకు సంబంధించిన డిస్‌గ్రాఫియా ఉన్నాయని నివేదిక ఇచ్చారు. దాన్ని చూపిస్తే ప్రిన్సిపాల్ ‘ప్రభుత్వ సర్టిఫికెట్ తెండి, అప్పుడు ఆలోచిద్దాం. లేదంటే ఏడాది చివర టీసీ తీసుకోండి, పదో తరగతిలో మా ఫలితాలు దెబ్బతింటాయి’ అన్నారు. ఈలోగా చదువులో వెనకబడిన పిల్లలతో కలిపి వేరే గదిలో కూర్చోబెడతామన్నారు. ఇంట్లో సర్టిఫికెట్ అనే మాటే ఎత్తనివ్వడం లేదు. ఆడపిల్లకు ఆ ముద్ర పడితే రేపు సంబంధాలు వస్తాయా అని అత్తగారు అంటారు. బద్ధకం, ఇంకో ట్యూషన్ పెట్టమని భర్త అంటారు. ఆయన కూడా ఇంటర్ మధ్యలోనే చదువు మానేశారు. పేపరు చదివే అలవాటు లేదు, బ్యాంకు కాగితాలు కొడుకు చేతే నింపిస్తారు. పాప ఇప్పుడు రాత్రి తొమ్మిదింటి దాకా ట్యూషన్‌లో ఉంటోంది. ఇంట్లో మాటలు తగ్గించేసింది.

సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా? బడి మార్చాలా? పదో తరగతిలో స్క్రైబ్‌ను (పాప చెబితే జవాబు రాసిపెట్టే మనిషిని) పెట్టుకుంటే అది దొడ్డిదారి కాదా? ఈ సంగతి పాపకు చెప్పాలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీ ప్రశ్నలు నాలుగూ వేరువేరు. ప్రిన్సిపాల్ గారు వాటిని ఒకే ముడి వేసి మీ చేతిలో పెట్టారు: సర్టిఫికెట్ ఉంటే సాయం, లేకపోతే టీసీ. ముందు ఆ ముడి విప్పుకుందాం. తరగతి గదిలో టీచరు చేయగలిగిన సర్దుబాట్లు వేరు, పబ్లిక్ పరీక్షలో బోర్డు ఇచ్చే వెసులుబాట్లు వేరు. రెండోవాటికి ప్రభుత్వ ధ్రువపత్రం కావాలి. మొదటివాటికి మీ దగ్గరున్న నివేదిక చాలు. తప్పు రాసిన మాటను యాభై సార్లు రాయించకుండా ఉండడానికి ఏ మెడికల్ బోర్డు సంతకమూ అవసరం లేదు.

పాపకు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి. రేపు ఎవరి ముందు కూర్చున్నా మొదట అడిగేది అదే.

ఇక డిస్లెక్సియా అంటే ఏమిటో మీ ఇంట్లో వాళ్లకు చెప్పడానికి పనికొచ్చేలా రాస్తాను. ఇది చూపు లోపం కాదు, బుద్ధి లోపం కాదు. మాటలోని ధ్వనులను విడదీసుకుని, వాటిని అక్షరాలతో జతచేసుకుని, తడుముకోకుండా చదవడం ఈ పిల్లలకు కష్టం. తెలుగులో ఇది ఒక పట్టాన బయటపడదు. మన లిపిలో అక్షరానికి ధ్వని దాదాపు స్థిరం కాబట్టి పిల్ల కూడబలుక్కుని ఎలాగోలా చదివేస్తుంది. టీచరేమో ‘చదవడం వచ్చు, శ్రద్ధే లేదు’ అనుకుంటారు. ఇబ్బంది అంతా వేగంలో, గుణింతాల్లో, ఒత్తుల్లో దాగి ఉంటుంది. ఒక్కో హల్లుకు అన్ని గుణింతాలు, దాని కింద ఒత్తు, కొన్నిచోట్ల రెండో ఒత్తు కలిస్తే కంటి ముందు వందల ఆకారాలు తయారవుతాయి. ఏ ఇబ్బందీ లేని పిల్లలకు కూడా అవన్నీ పట్టుబడడానికి కొన్నేళ్లు పడుతుంది. ఇంగ్లిష్‌ది మరో పేచీ, పలికినట్టు రాయరు. ఈ రెండూ చాలవన్నట్టు హిందీ రూపంలో మూడో లిపి. ఇంత బరువు మీద ఉండి కూడా, అన్న చదువుతుంటే విని ఐదు తరగతులు గట్టెక్కిన పిల్లను బద్ధకస్తురాలు అనడం అన్యాయం. తోటివాళ్లు ఒక దారిలో చేసిన పనిని ఆమె రెండింతలు కష్టపడి ఇంకో దారిలో చేసింది.

ఇది మందుతో పోయేది కాదు, అలాగని మెరుగుపడనిదీ కాదు. ధ్వని, అక్షరం, గుణింతం, ఒత్తు అనే వరుసలో, తెలిసినవాళ్ల దగ్గర రోజూ అరగంట నేర్చుకుంటే చదువు గాడిన పడుతుంది. తోటివాళ్ల వేగం రాకపోవచ్చు. అయితే ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం పాఠం ఆ మెరుగుదల వచ్చేదాకా ఆగదు కదా. అందుకే రెండు పనులూ కలిసి నడవాలి. చదవడం నేర్పడం ఒకటి. చదవడం ఇంకా రాకపోయినా పాఠం ఆమెకు అందేలా, ఆమెకు తెలిసింది బయటికి వచ్చేలా చూడడం ఇంకొకటి. మన ఇళ్లలో మొదటిదానికి ట్యూషన్ల పేరుతో డబ్బు ధారపోస్తారు, రెండోది ఎవరికీ తట్టదు. బడిని మీరు అడగాల్సింది ఆ రెండోదే.

అడిగే హక్కు ఉందా అంటే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. మీ పాపది ఆ కోవే. పదహారో సెక్షన్ సర్కారు బడులకే పరిమితం కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులన్నీ దాని కిందికి వస్తాయి. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్ల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన పద్ధతిలో బోధించాలి అంటుంది. ఈ పనులు జరిగేలా ప్రభుత్వాలు ‘కృషి చేయాలి’ అని మెత్తగా రాశారన్నది నిజమే. ఆ మెత్తదనం చాటున తప్పించుకునే యాజమాన్యాలూ ఉన్నాయి. 40 శాతం వైకల్యం ఉంటే తప్ప ఏదీ రాదని కొందరు చెబుతారు. ఉన్నత విద్యలో రిజర్వేషన్ లాంటి వాటికి ఆ గీత ఉంది. సర్దుబాట్లకు లేదు. రాస్తుంటే చేయి పట్టేసే ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరిస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో తేల్చింది.

టీసీ సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి పంపేయకూడదు. 2019లో వచ్చిన సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని ఆపే వీలు రాష్ట్రాలకు దక్కింది కానీ, పంపేయకూడదన్న నియమం అలాగే ఉంది. బడులకు ఇది బాగా తెలుసు. అందుకే టీసీ ఇచ్చి పంపేస్తామని రాతపూర్వకంగా చెప్పవు, మీ చేతనే కోరించి తీసుకునేలా చేస్తాయి. మీరు వేరే బడి చూసుకుని, అక్కడ సీటు ఖాయమయ్యేదాకా టీసీ కోసం ఏ కాగితం మీదా సంతకం చేయకండి. అదే చట్టం పదిహేడో సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. రాత కష్టమైన పిల్ల చేత యాభై సార్లు రాయించడం ఏ కిందికి వస్తుందో ఆలోచించమని ప్రిన్సిపాల్‌ను మర్యాదగానే అడగవచ్చు.

ఇంత రాసి ఒక మాట చెబుతాను, వింతగా అనుకోకండి: మొదటి రోజే చట్టం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లకండి. సెక్షన్ల పేర్లు వినగానే ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు, ఆ తర్వాత తరగతిలో కూర్చోవాల్సింది పాప. లెక్కల మాస్టారితో మొదలుపెట్టండి. ఆ బడిలో ఆమె తెలివిని కళ్లారా చూసిన మనిషి ఆయన. ‘మా పాపకు సాయం చేయండి’ అని గుండుగుత్తగా అడిగితే అందరూ తల ఊపుతారు, ఎవరూ ఏమీ చేయరు. అడిగేది చిన్నదిగా, రేపే చేయగలిగేదిగా ఉండాలి. వచ్చే యూనిట్ పరీక్షలో ప్రశ్నపత్రాన్ని ఆమెకు ఒకసారి పైకి చదివి వినిపించండి. రాయలేకపోయిన జవాబులు పరీక్ష అయ్యాక నోటితో అడిగి, ఏ తేడా కనిపిస్తుందో చూడండి. లెక్కల మాస్టారు ఈ రెండూ చేసి ఆ మార్కులు పక్కపక్కన పెడితే, ప్రిన్సిపాల్‌ను ఒప్పించడానికి మీ దగ్గరున్న ఏ కాగితం కన్నా అది బలమైనది. ఆయన భయం ఫలితాల గురించే కదా, ఫలితంతోనే జవాబు చెప్పండి.

ఆ తర్వాత క్లాస్ టీచరును అడగదగినవి కొన్ని ఉన్నాయి. ముందు చెప్పకుండా లేపి అందరి ముందు చదివించకూడదు. చదివించాలనుకుంటే ఏ పేరా అన్నది ముందు రోజే చెబితే ఇంట్లో సిద్ధమై వస్తుంది. బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించుకోమనకుండా స్నేహితురాలి నోట్సు జిరాక్స్ తీసుకోనివ్వాలి. సైన్స్, సోషల్ పేపర్లలో విషయానికి మార్కులు వేసి స్పెల్లింగ్‌కు కోత పెట్టకూడదు. తెలుగు, ఇంగ్లిష్ పేపర్లలో స్పెల్లింగ్‌కు మార్కులు పోతే పోనివ్వండి, అక్కడ వాదించకండి. ఒకే రకం లెక్కలు పది ఇస్తే నాలుగు చేస్తే చాలనాలి. చివరి బెంచీ నుంచి ముందుకు మార్చాలి. నాకైతే వీటన్నిటికన్నా ముఖ్యమనిపించేది సమయం. గంట పరీక్షకు ఇరవై నిమిషాలు ఎక్కువిస్తే బడికి పోయేది ఏమీ లేదు, ఆమె పేపరు మాత్రం పూర్తవుతుంది. అన్నీ ఒకేసారి అడగకండి. మూడింటితో మొదలుపెట్టి, ఒక టర్ము చూసి, మిగతావి అడగండి.

వేరే గదికి మాత్రం ఒప్పుకోకండి. రోజుకు ఒక పీరియడ్ చదవడం నేర్పడానికి విడిగా తీసుకువెళతామంటే సరే, మంచిదే. రోజంతా అక్కడే కూర్చోబెడితే, వింటే పాఠం వచ్చే పిల్లకు ఆ వినడం కూడా లేకుండా పోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

ఇంత చేసినా బడి కదలకపోతే అప్పుడు చట్టం బయటికి తీయండి. కోరికలన్నీ ఒక పేజీలో రాసి, నివేదిక నకలు జతచేసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. జవాబు రాకపోతే మండల విద్యాధికారికి, ఆపైన డీఈవోకు వెళ్లాలి. అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇది పనిచేసే దారే. అయితే దీనికి వెల ఉంది. గెలిచినా ఆ బడిలో టీచర్లు మీతో ముక్తసరిగా మాట్లాడడం మొదలుపెడతారు, పాపకు ఆ చలి తగులుతుంది. అందుకని ఇంకో బడిలో చోటు చూసుకున్నాకే ఫిర్యాదు చేసే తల్లిదండ్రులు కొందరుంటారు. వాళ్లను పిరికివాళ్లని నేను అనను.

బడి మార్చడం గురించి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఊళ్లో సీబీఎస్‌ఈ బడి ఉండి, అందులో స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు నేర్పే టీచరు) నిజంగా పనిచేస్తుంటే అది ఆలోచించదగినది. నిజంగా అన్నాను, ప్రవేశాల బ్రోషర్‌లో ఉండడం వేరు కాబట్టి. వెళ్లి ఆ మనిషిని కలిసి మాట్లాడండి. ఆ బోర్డు ఇలాంటి పిల్లలకు మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తుంది, మూడో భాష మినహాయిస్తుంది, పదో తరగతిలో రెండు భాషలకు బదులు ఒకటే తప్పనిసరి చేస్తుంది, సబ్జెక్టుల ఎంపికలో సడలింపు ఇస్తుంది. కానీ పాఠాలు పొడవు, ఇంగ్లిష్ బరువు, ఫీజు మీకు తెలిసిందే. మారితే తొమ్మిదో తరగతి మొదట్లోనే మారాలి.

రెండోది ప్రభుత్వ ఉన్నత పాఠశాల. మీ ఆయన మొహం చిట్లిస్తారని తెలుసు, అయినా చెబుతాను. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాళ్లకు చదువులో సాయపడే ఐఈఆర్‌పీలు అనే సిబ్బంది ఉన్నారు. ఫలితాల ఫ్లెక్సీల కోసం పిల్లల్ని వదిలించుకునే అలవాటు అక్కడ తక్కువ. లోటు కూడా చెప్పాలి. ఐఈఆర్‌పీల సమయమంతా తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకే సరిపోతుంది, డిస్లెక్సియా మీద పట్టున్నవారు అన్నిచోట్లా దొరకరు. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నియామకాలు ఆ లెక్కకు చాలా దూరంలో ఉన్నాయి. చేర్పించే ముందు ఆ బడికి ఐఈఆర్‌పీ వారంలో ఎన్ని రోజులు వస్తారో హెడ్‌మాస్టర్‌ను అడగండి.

మూడోది ఓపెన్ స్కూల్. జాతీయ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఐదు సబ్జెక్టులు, ఎంచుకునే వెసులుబాటు, ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసే అవకాశం ఉన్నాయి. దాని సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు. పదమూడేళ్ల పిల్లకు ఇప్పుడే అది వద్దంటాను నేను. స్నేహితులు, ఆటలు, బడి గంట పోయి ఇంట్లో ఒక్కతే మిగులుతుంది. తొమ్మిదో తరగతి చివరికి కూడా పరిస్థితి మారకపోతే అప్పటికి ఆ తలుపు తెరిచే ఉంటుంది. ప్రత్యేక పాఠశాలల గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పడం లేదు. ఆమెకు వాటితో పని లేదు.

స్క్రైబ్ దొడ్డిదారా? కాదు. అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల మినహాయింపు లాంటివి దివ్యాంగుల హక్కుల చట్టంలోని పదిహేడో సెక్షన్‌లోనే పేరు పెట్టి రాసి ఉన్నాయి. జవాబు పాపది, చేయి ఇంకొకరిది. అంతే. అయితే స్క్రైబ్ దొరికితే చాలు పరీక్ష గట్టెక్కినట్టే అనుకోకండి. స్క్రైబ్‌గా సాధారణంగా కింది తరగతి విద్యార్థిని పెడతారు. ఆ అమ్మాయికి తెలియని పటం ఎలా గీయాలో, లెక్కలో ఏది ఏ వరుసలో రాయాలో మాటలతో చెప్పడం ఒక విద్య. సాధన లేకుండా పరీక్ష రోజే మొదలుపెట్టిన పిల్లలు తడబడి, సొంతంగా రాసిన దానికన్నా తక్కువ తెచ్చుకుంటారు. ఇంకో సంగతి. మీ పాపకు రాసిపెట్టే మనిషి కన్నా ప్రశ్న చదివి వినిపించే మనిషి, అదనపు సమయం ఎక్కువ ఉపయోగపడవచ్చు. ప్రశ్న తప్పు చదువుకుని సరైన జవాబు రాసే పిల్లలు వీళ్లు. ఏది పనిచేస్తుందో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి పెట్టే పరీక్షల్లోనే పరీక్షించి చూడాలి. పదో తరగతిలో ప్రయోగాలు చేయకూడదు.

ఇక్కడే సర్టిఫికెట్ అవసరం వస్తుంది. పదో తరగతి వెసులుబాట్లకు దరఖాస్తు బడి ద్వారానే పరీక్షల విభాగానికి వెళ్లాలి, దానికి ప్రభుత్వ ధ్రువపత్రం జతచేయాలి. సదరం (వైకల్యాన్ని నిర్ధారించే ప్రభుత్వ వైద్య పరీక్ష) స్లాట్ ఎలా బుక్ చేసుకోవాలో సచివాలయంలోనో మీసేవలోనో కనుక్కుని, కేటాయించిన ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. అభ్యసన వైకల్యానికి తెలివితేటల పరీక్ష, చదువు, రాత పరీక్షలు చేయాల్సి ఉంటుంది కాబట్టి, వెళ్లే ముందే అక్కడ క్లినికల్ సైకాలజిస్టు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. లేకపోతే తిరుగుళ్లు తప్పవు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీని కూడా సంప్రదించి చూడండి. మీ నివేదిక, పాప పాత నోటు పుస్తకాలు, టీచరు రాసిచ్చిన రెండు వాక్యాలు వెంట తీసుకెళ్లండి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇది ఇచ్చేవారు, పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్షించేవారు; 2024లో వాటి చోట కొత్తవి వచ్చాయి కాబట్టి ఇప్పటి నియమం ఆసుపత్రిలోనే కనుక్కోండి.

తీసుకోకపోతే ఏమవుతుంది? ఈ ఏడాది ఏమీ కాదు, తరగతి సర్దుబాట్లు నడుస్తాయి. తొమ్మిదో తరగతి సగానికల్లా చేతిలో లేకపోతే పదో తరగతిలో అందరితో సమానంగా, అంటే ఆమె విషయంలో అసమానంగా, మూడు గంటల్లో రాయాల్సి వస్తుంది. తర్వాత చూసుకుందాం అనే ధీమా వద్దు. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి రావాల్సిన అదనపు గంటను పరీక్ష కేంద్రంలో ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆమెకు అన్యాయం జరిగిందని ఒప్పుకుంది, దిద్దే మార్గం చూడమని పరీక్ష సంస్థను ఆదేశించింది, కానీ మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. అన్ని కాగితాలూ ఉన్న పిల్లకే ఆ గతి పట్టింది.

అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను. ఆమె చూసిన లోకం అలాంటిది. ఆమెతో వాదించే బదులు ఒక్కటి అడగండి. పదో తరగతి తప్పితే ఆ కబురు వీధంతా ఒక్క పూటలో పాకుతుంది. బీరువాలో పెట్టుకున్న కాగితం సంగతి ఎవరికి తెలుస్తుంది? ఎప్పుడు ఎవరికి చూపించాలో, అసలు చూపించాలో లేదో, పెద్దయ్యాక పాపే నిర్ణయించుకుంటుంది. సర్టిఫికెట్ తీసుకోవడం దాన్ని వాడి తీరాలన్న ఒప్పందం కాదు.

మీ వారి విషయం కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను. డిస్లెక్సియా కుటుంబాల్లో వస్తుంది. పేపరు జోలికి వెళ్లకపోవడం, ఫారాలు కొడుకు చేత నింపించడం, ఇంటర్ మధ్యలో ఆగిపోవడం చదివాక నాకు ఒక అనుమానం వచ్చింది. పొరపాటు కావచ్చు. ఆయన వద్దంటున్నది సర్టిఫికెట్‌ను కాకపోవచ్చు. తన బడి రోజుల్లో తాను విన్న మాటలే మళ్లీ కూతురి గురించి వినడం ఆయన వల్ల కావడం లేదేమో. ఇది ఆయన మొహాన అనకండి. ‘మీకు చిన్నప్పుడు ఏ సబ్జెక్టు కష్టంగా ఉండేది, మాస్టర్లు ఏమనేవాళ్లు’ అని దుకాణం కట్టేశాక ఒకసారి అడిగి, ఊరుకోండి. ఆయన చెబితే వినండి. చెప్పకపోతే సైకాలజిస్టు దగ్గరికి ఈసారి ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లండి. అక్షరాలతో తంటాలు పడి కూడా దుకాణం నిలబెట్టిన మనిషి పాపకు అండగా నిలిస్తే మీ పని సగం తగ్గుతుంది.

పాపకు చెప్పాలి, తప్పదు. మీరు చెప్పకపోయినా ఆమె తనకు తాను ఒక కారణం చెప్పుకునే ఉంటుంది, అది నివేదికలో ఉన్నదానికన్నా చాలా చెడ్డది అయ్యుంటుంది. కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. ‘నీ కడుపునొప్పి ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది. నీకు తెలివి తక్కువేమీ కాదని డాక్టరమ్మ రాసింది. అక్షరాలు చదవడం ఒక్కటే నీకు ఆలస్యం, దానికి పేరుంది, ఇంకా చాలామంది పిల్లలకు ఉంది’ అంటే చాలు. ఆ తర్వాత బడిలో ఏది కావాలో ఆమెనే అడగండి. ఈ వయసు పిల్లలు అందరిలోకీ వేరుగా కనిపించడాన్ని అసహ్యించుకుంటారు. అందరూ బయటికి వెళ్లాక ఒక్కతే కూర్చుని రాయడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు, జిరాక్స్ నోట్సుకు మాత్రం ఎగిరి గంతేయవచ్చు. ఆమె వద్దన్నదాన్ని మీరు పట్టుబట్టి సాధించినా తరగతిలో అది చెల్లదు.

చివరగా ఆ తొమ్మిదింటి ట్యూషన్. మానిపించండి, లేదా వారంలో రెండు రోజులకు తగ్గించండి. పొద్దున్నుంచీ చేతకాని పనినే రాత్రి దాకా చేయిస్తే అది చదువు కాదు. ఆ డబ్బుతో వారానికి రెండు మూడు సార్లు స్పెషల్ ఎడ్యుకేటర్ దొరుకుతారేమో చూడండి. మీ ఊళ్లో లేకపోతే ఆన్‌లైన్‌లో ప్రయత్నించండి. మిగతా పాఠాలు వినిపించాలి. పాఠ్యపుస్తకాల మీది క్యూఆర్ కోడ్‌లను ఫోనుతో స్కాన్ చేస్తే చాలా పాఠాలకు వీడియోలు వస్తాయి. ఫోనే పేజీని పైకి చదివే సదుపాయం ఇంగ్లిష్ పుస్తకాలకు బాగా పనిచేస్తుంది. తెలుగు పీడీఎఫ్ పాత ఫాంట్లలో తయారైనదైతే మాత్రం అర్థంపర్థం లేని శబ్దాలు వస్తాయి, ఫోను చెడిపోయిందని కంగారు పడకండి. అలాంటి పాఠాలను అన్న చేత చదివించి రికార్డు చేయించండి.

బడికి ఇచ్చే ఆ ఒక్క పేజీ దరఖాస్తు ఈ వారమే రాసి పెట్టుకోండి, ఇవ్వడం మాత్రం లెక్కల మాస్టారి పరీక్ష అయ్యాకే. ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.